ముందు డ్రిబ్లింగా, షాటా? కొత్తగా బాస్కెట్‌బాల్ మొదలుపెట్టినవాడి సందేహం

కొత్తచెయ్యి: ముప్పై దాటాక బాస్కెట్‌బాల్ మొదలుపెట్టాను. కోచ్ లేడు, రోజుకో గంట దొరుకుతుంది. ముందు డ్రిబ్లింగ్ (బంతి నేలకు కొడుతూ కదలడం) పట్టుకోవాలా, బుట్టలో వేసే షాటా? తలా ఒకటి చెబుతున్నారు.

పివట్‌పాదం: రెండూ కాదు, ముందు కాళ్లు. బంతి అందుకుని ఆగడం, ఒక కాలు కదలకుండా రెండో కాలితో తిరగడం రావాలి. బంతి నేలకు కొట్టకముందే కదలకుండా ఉంచిన ఆ పివట్ కాలు లేపి బయల్దేరితే ట్రావెలింగ్ అనే తప్పు. కొత్తవాళ్లందరూ దొరికిపోయేది అక్కడే. ఆ తర్వాత డ్రిబ్లింగ్: అరచేత్తో బాదకండి, వేళ్లతో నెట్టండి. బంతి నడుము దాటి లేవకూడదు, చూపు బంతి మీద ఉండకూడదు. ఎడమ చేత్తో రెట్టింపు చెయ్యండి. ఒక నెల రింగ్ వైపు చూడొద్దు.

రింగ్‌కిందే: నెలా? రెండో వారానికే బంతి అటకెక్కుతుంది. 1891లో ఆట పుట్టినప్పుడు దాన్ని కనిపెట్టిన నైస్మిత్ రాసిన 13 నిబంధనల్లో డ్రిబ్లింగ్ ఊసే లేదు. అందుకున్న చోటి నుంచే విసరాలి. బుట్టలో వెయ్యడమే ఆట! కొత్తచెయ్యి గారూ, రింగ్‌కు రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి ఒంటి చేత్తో వెయ్యండి. మోచెయ్యి బంతి కింద ఉండాలి. వదిలాక మణికట్టు వాలి, వేళ్లు రింగ్ వైపు చూడాలి. బంతి వెనక్కి గిరగిరా తిరుగుతూ వెళ్తే సరిగ్గా వదిలినట్టు. వరుసగా పడుతుంటేనే ఒక అడుగు వెనక్కి జరగండి. ఇప్పుడే మూడు పాయింట్ల గీత దగ్గరికి పోతే బలం చాలక భుజంతో విసరడం అలవాటైపోతుంది.

పివట్‌పాదం: 1891లో బుట్టకు అడుగుభాగం కూడా ఉండేది. బంతి పడ్డప్పుడల్లా ఎవరో పైకెక్కి తీసేవారు. అదీ చేద్దామా?

గోడపక్కన: ఎవరి గోల వారిది. మైకన్ డ్రిల్ చెయ్యండి, అయిపోయింది. రింగ్ కింద కుడివైపు నుంచొక షాట్, ఎడమవైపు నుంచొకటి, బంతి నేల తాకకుండా.

పివట్‌పాదం: ఏ కాలి మీద ఎగరాలో చెప్పకుండా డ్రిల్ పేరు చెబితే ఎలా? కుడివైపు లేఅప్‌కి, అంటే రింగ్ దగ్గరికెళ్లి ఎగిరి వేసే షాట్‌కి, ఎడమ కాలి మీద లేవాలి.

రింగ్‌కిందే: నేను కుడి కాలి మీదే లేస్తాను. పడుతోంది.

పివట్‌పాదం: ఎదురుగా ఎవరూ లేనప్పుడు పడుతుంది.

రింగ్‌కిందే: NBA ఆటగాడు స్టీవ్ నాష్ కూడా అలా వేసేవాడు, డిఫెండర్ లెక్క తప్పించడానికి.

పివట్‌పాదం: ఆయన రెండూ వచ్చి వేశాడు. మీరు రెండోది రాక వేస్తున్నారు.

రింగ్‌కిందే: మిమ్మల్ని చూస్తే మా పాత కోచ్ గుర్తొస్తున్నాడు. సీజనంతా కోన్‌ల మధ్య బంతి కొట్టించి, తీరా మ్యాచ్ రోజు "నీకింకా బేసిక్స్ రాలేదు" అని బెంచీ మీద కూర్చోబెట్టాడు. మానేశాను. మళ్లీ బంతి ముట్టడానికి ఏళ్లు పట్టింది.

పివట్‌పాదం: నాకు కోర్టులో తగిలేది మీలాంటివాళ్లే. నిన్న ఫాస్ట్ బ్రేక్‌లో (అవతలివాళ్లు వెనక్కి చేరేలోపు దూసుకెళ్లడం) మేం ముగ్గురం, ఎదురుగా ఒక్కడు. కుడిపక్క నేను పూర్తిగా ఖాళీ. బంతి ఉన్నాయన తల దించుకుని కొట్టుకుంటూ పోయి ఆ ఒక్కడి ఛాతీకే గుద్దుకున్నాడు. లేచి "షాట్ ప్రాక్టీసండీ" అంటాడు! ఆట అందరిదీ. నేర్చుకునేదేదో విడిగా నేర్చుకుని రండి.

రింగ్‌కిందే: హమ్మయ్య, అసలు మాట బయటపడింది! కాళ్లు, మోకాళ్లు అంటూ ఇంతసేపు చెప్పిందంతా ఇందుకే. కొత్తవాళ్లు మీ ఆట పాడుచెయ్యకూడదు, అంతేగా?

పివట్‌పాదం: రావద్దనలేదు. పాస్ అందుకోవడం వచ్చాక రమ్మన్నాను.

రింగ్‌కిందే: ఇచ్చేవాడుంటే కదా బాబూ అందుకోవడం వచ్చేది! మూల నిలబెట్టి ఆటంతా ఒక్క పాస్ ఇవ్వరు. ఎప్పుడో పొరపాటున బంతి వస్తే ఆ కంగారులో జారవిడుస్తాడు. "చూశావా, రాదు" అంటారు.

సైజుఆరు: బంతి ఏ సైజో ఎవరూ అడగలేదు. చెయ్యి చిన్నదైతే 7 కన్నా 6 నయం.

కొత్తచెయ్యి: 7 వాడుతున్నాను, ఇబ్బంది లేదు. ఆదివారం మొదటిసారి ఆటకు రమ్మన్నారు. టెన్షన్‌గా ఉంది. నిజంగానే పాస్ ఇవ్వకపోతే ఏం చెయ్యాలి?

పివట్‌పాదం: మూల నిలబడకండి. మీ డిఫెండర్ బంతి వైపు తల తిప్పగానే అతని వెనక నుంచి రింగ్ వైపు పరుగెత్తండి, చేతులు పైకెత్తి చూపిస్తూ. స్క్రీన్ పెట్టండి, అంటే మీ జట్టువాడి డిఫెండర్‌కి అడ్డంగా నిలబడండి. షాట్ లేచిన ప్రతిసారీ మీ ఎదుటి జట్టువాణ్ని వీపుతో అడ్డుకోండి. అలా తిరిగేవాడికి నేనైతే ఇస్తాను.

రింగ్‌కిందే: ఇచ్చినప్పుడు వెయ్యండి. ఏ కాలో ఆయన్ని అడగకండి.