అల్సాస్‌లోని హునావీర్ గ్రామం: పాలకులు ఇన్నిసార్లు మారినా ఒకే చర్చిలో రెండు శాఖల ఆరాధన ఎలా నిలిచింది?

చరిత్ర అధ్యాపకురాలు, తిరుపతి:

సభ్యులందరికీ నమస్కారం. నేను తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు ఐరోపా చరిత్ర బోధిస్తున్నాను. ముప్పై ఏళ్ల యుద్ధం, వెస్ట్‌ఫేలియా సంధి, ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధం, వెర్సాయ్ ఒప్పందం అంటూ వరుసగా చెప్పుకుంటూ పోతే పిల్లలు సంవత్సరాలను కంఠస్థం చేస్తున్నారే తప్ప, సరిహద్దు జరిగినప్పుడు అక్కడ కాపురమున్న కుటుంబాలకు ఏమయిందన్నది వారి ఊహకు అందడం లేదు. అందుచేత ఈసారి ఒక్క చిన్న ఊరిని తీసుకొని, దాని నేలతో మొదలుపెట్టి, ఆ యుద్ధాలన్నింటినీ ఆ ఊరి గడప దగ్గర నిలబడి చూపించాలని అనుకుంటున్నాను. ఫ్రాన్స్ తూర్పు అంచున, అల్సాస్ ప్రాంతంలో, ఓ-రైన్ జిల్లాలో ఉన్న హునావీర్‌ను ఎంచుకున్నాను. జనాభా ఆరు వందలకు అటూ ఇటూ. ఉత్తరాన రిబోవిల్లే, దక్షిణాన రికెవీర్ అనే రెండు ప్రసిద్ధమైన ఊళ్ల మధ్య ద్రాక్షతోటల్లో ఇది ఒదిగి ఉంటుంది.

నా సందేహాలు ఇవి. అంత ఉత్తరాన, అంత చలిదేశంలో, ఆ కొండపాదాన మాత్రమే ద్రాక్ష అంత దట్టంగా ఎందుకు పండుతుంది? ఊరి చర్చి ఒక్కటే అయినా కాథలిక్కులు, ప్రొటెస్టంట్లు ఇద్దరూ అందులోనే ఆరాధన చేసుకుంటారని చదివాను. ఇది మైత్రి ఫలమా, నిర్బంధ ఫలమా? ఇక 1905లో ప్రభుత్వాన్నీ మతాన్నీ చట్టం ద్వారా వేరుచేసిన ఫ్రాన్స్, ఈ ప్రాంతంలో మాత్రం ఫాదరుకూ పాస్టరుకూ నేటికీ జీతం ఎలా ఇస్తోంది? ఈ మూడింటినీ ఒకే పాఠంలో కలిపే దారి ఎవరైనా సూచిస్తే కృతజ్ఞురాలిని.

విశ్రాంత భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు, చిత్తూరు:

అమ్మా, మీ మొదటి సందేహానికి మాత్రమే నేను జవాబు చెప్పగలను. మిగిలిన రెండూ చరిత్ర చదివిన వారికి వదిలివేస్తున్నాను.

అల్సాస్‌ను అర్థం చేసుకోవాలంటే ముందుగా రైన్ నదికి ఇరువైపులా ఉన్న రెండు పర్వతాలను పక్కపక్కన పెట్టి చూడాలి. పశ్చిమాన వోజ్, తూర్పున జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్. ఇవి ఒకప్పుడు ఒకే దిమ్మె. కోట్ల సంవత్సరాల క్రితం భూపటలం అటూ ఇటూ లాగబడి మధ్యభాగం కుంగిపోగా ఏర్పడిన పగులు లోయలోనే నేటి రైన్ మైదానం ఉంది. లోయ కుంగినప్పుడు దాని అంచు ఒక్క గీతలా తెగలేదు. వోజ్ పాదం వెంట నేల ముక్కలు ముక్కలుగా విరిగి, ఒక్కొక్క ముక్క ఒక్కొక్క లోతులో నిలిచింది. రిబోవిల్లే చుట్టుపక్కల ఈ భ్రంశాలు మరీ దట్టం. అందువల్ల ఒక కిలోమీటరు నడిచేలోగా సున్నపురాయి, సున్నపు బంకమట్టి, ఇసుకరాయి ఒకదాని తరువాత ఒకటి కాళ్లకింద మారిపోతాయి. హునావీర్‌కు పేరు తెచ్చిన రోజాకర్ అనే తోట దాదాపు 26 హెక్టార్లు. దాని కింద ఉన్నది ట్రయాసిక్ యుగపు సున్నపురాయి. అక్కడ ముఖ్యంగా పండించే రకం రీస్లింగ్.

ఇక వాన సంగతి. అట్లాంటిక్ మీదుగా పడమటి నుంచి వచ్చే మేఘాలు వోజ్ శిఖరాలను ఎక్కుతూ అక్కడే కురిసిపోతాయి. ఆ పర్వతాల్లో ఎత్తైన గ్రాండ్ బాలోన్ 1424 మీటర్లు. శిఖరాల మీద ఏడాదికి 2,000 మి.మీ. దాకా కురిస్తే, హునావీర్‌కు పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరంలోని కోల్మార్‌లో 600 మి.మీ. ప్రాంతంలోనే పడుతుంది. ఫ్రాన్స్‌లో బాగా పొడిగా ఉండే పట్టణాల్లో కోల్మార్ ఒకటి. వాన తక్కువ, ఎండ ఎక్కువ, తూర్పుకూ ఆగ్నేయానికీ వాలిన చరియలు, వేళ్లు లోతుకు దిగే సున్నపు నేల: ద్రాక్షకు ఇంతకన్న ఏం కావాలి? తోటలు ఎక్కువగా 200 నుంచి 400 మీటర్ల ఎత్తు మధ్యనే ఉంటాయి. ఆ పైన చలి, అడవి. ఆ కింద మైదానంలో మొక్కజొన్న, గోధుమ.

ఊళ్లు అన్నీ ఆ సన్నని పట్టీ వెంటనే ఎందుకు వరుసగా వెలిశాయో మీ విద్యార్థులకు ఇప్పుడు చెప్పవచ్చు. సైన్యాలు కూడా ఆ పట్టీ వెంటనే నడిచాయి.

పుత్తూరు వాసి, ప్రస్తుతం స్ట్రాస్‌బర్గ్:

మాస్టారు గారు నేల చెప్పారు గనుక నేను చర్చి నుంచి మొదలుపెడతాను. ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడ్డాను; సెలవు దినాల్లో ఆ ద్రాక్షతోటల దారిలో నడిచే అలవాటు ఉంది.

హునావీర్ చర్చి ఊరి పక్కన ఒక మిట్ట మీద, ద్రాక్షతోటల నడుమ ఉంటుంది. దాని చుట్టూ ఉన్న శ్మశానానికి షడ్భుజాకారపు ప్రహరీ, ఆ ప్రహరీకి అర్ధవలయాకారపు బురుజులు ఆరు. పక్కనే ఉన్న రికెవీర్‌కు కోటగోడలు ఉన్నాయి. హునావీర్ ప్రజలు మాత్రం అలజడి వచ్చినప్పుడు ఈ శ్మశానపు ప్రహరీలోకి చేరి తలుపులు వేసుకొనేవారు. లోపల సంత్ నికొలస్ జీవితాన్ని చిత్రించిన 15వ శతాబ్దపు కుడ్యచిత్రాలు ఉన్నాయి.

ఇప్పుడు పాలకుల సంగతి. రికెవీర్ చుట్టుపక్కల జాగీరును 1324లో వుర్టెంబెర్గ్ ప్రభువులు కొన్నారు. హునావీర్ కూడా అందులో భాగం. స్టుట్‌గార్ట్ రాజధానిగా ఉన్న ఆ వంశం రైన్‌కు ఇవతల ఉన్న ఈ కొద్దిపాటి ఊళ్లను నాలుగున్నర శతాబ్దాలకు పైగా వదలలేదు. మీ పాఠానికి కీలకం ఇదే అని నా అభిప్రాయం. ఆ ఊరికి సంత్ హూనా అని ఏడవ శతాబ్దానికి చెందిన ఒక పునీతురాలు ఉంది. ప్రభువు భార్య అయి ఉండి కూడా పేదల బట్టలు ఊటబావి దగ్గర ఉతికేదని ప్రతీతి. పంట పోయిన ఒక ఏడు ఆ ఊటలో నీటికి బదులు ద్రాక్షరసం పారిందని కూడా చెప్పుకుంటారు. 1520లో పోప్ పదవ లియో ఆమెకు సంత్ హోదా ఇచ్చాడు. అలా ఇప్పించినవాడు వుర్టెంబెర్గ్ డ్యూక్ ఉల్రిచ్ అంటారు. అదే ఉల్రిచ్ 1534లో తన రాజ్యంలో లూథర్ బోధను ప్రవేశపెట్టాడు. ప్రభువు మతమే ప్రజల మతం అన్న ఆనాటి న్యాయం ప్రకారం హునావీర్ కూడా ప్రొటెస్టంట్ ఊరయింది. పునీతులకు మొక్కడం అక్కరలేదన్న మతంలోకి, అప్పుడే పునీతురాలు దొరికిన ఊరు మారవలసి వచ్చింది. దీనికన్న విచిత్రమైన ఘట్టం నాకు ఆ ప్రాంత చరిత్రలో కనబడలేదు.

ముప్పై ఏళ్ల యుద్ధం అల్సాస్‌ను తుడిచిపెట్టింది. పాడుపడిన ఊళ్లను నింపడానికి స్విట్జర్లాండ్ తదితర ప్రాంతాల నుంచి జనం వచ్చారు. 1648లో వెస్ట్‌ఫేలియా సంధితో ఆస్ట్రియాను ఏలిన హాప్స్‌బుర్గ్ వంశానికి అల్సాస్‌లో ఉన్న హక్కులు ఫ్రాన్స్‌కు దక్కాయి. 1680 నాటికి పద్నాలుగవ లూయీ న్యాయస్థానాల తీర్పుల పేరుతో వుర్టెంబెర్గ్ ఊళ్ల మీద కూడా తన సార్వభౌమత్వాన్ని రుద్దాడు. జాగీరుదారు వుర్టెంబెర్గ్ వాడే, పైన రాజు మాత్రం ఫ్రాన్స్ వాడు. ఆ రాజు కాథలిక్. ఒక ఊళ్లో ఏడు కాథలిక్ కుటుంబాలుంటే చాలు, ప్రొటెస్టంట్ చర్చిలో బలిపీఠం ఉన్న లోపలి భాగాన్ని వారికి అప్పగించాలని అతని ప్రభుత్వం ఆదేశించింది. హునావీర్‌లో అది 1687లో అమలయింది. ఈ ఏర్పాటును సిముల్టానియం అంటారు. కనుక మీ ప్రశ్నకు జవాబు సూటిగా చెప్పాలంటే, అది నిర్బంధ ఫలమే. మైత్రి అన్నది తరువాత, తరాలు గడిచిన మీదట, వేళలు పంచుకోవడం అలవాటయ్యాక వచ్చింది. పర్యాటకుల కరపత్రాలు దీనిని మొదటినుంచీ సామరస్యంగా చూపించడం నాకు రుచించదు.

జీతాల సంగతి ఇంకా తేలిక. నెపోలియన్ పోప్‌తో 1801లో చేసుకొన్న ఒప్పందం ప్రకారం మతాచార్యులకు ప్రభుత్వం జీతమిచ్చేది. 1905లో ఫ్రాన్స్ ఆ ఏర్పాటును రద్దు చేసినప్పుడు అల్సాస్ ఫ్రాన్స్‌లో లేదు. ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధాన్ని ముగించిన 1871 ఫ్రాంక్‌ఫర్ట్ సంధి నాటి నుంచి జర్మన్ సామ్రాజ్యంలో ఉంది. 1918లో తిరిగి వచ్చినప్పుడు ఇక్కడి ప్రజలు పాత చట్టాన్ని పోనివ్వలేదు. అలా కాథలిక్, లూథరన్, కాల్వినిస్ట్, యూదు మతాచార్యులకు నేటికీ ప్రభుత్వమే జీతమిస్తోంది. 2013లో ఫ్రాన్స్ రాజ్యాంగ మండలి కూడా దీనిని సమర్థించింది. ఇంకో ముచ్చట: 1892 నాటి జర్మన్ శాసనం వల్ల ఇక్కడ డిసెంబర్ 26, గుడ్ ఫ్రైడే అదనపు సెలవులు. అయితే గుడ్ ఫ్రైడే సెలవు ప్రొటెస్టంట్ చర్చి గానీ ఉమ్మడి చర్చి గానీ ఉన్న ఊళ్లకే. హునావీర్‌కు ఆ అర్హత పద్నాలుగవ లూయీ, జర్మన్ కైజర్ ఇద్దరి చలవ!

నగరి పాఠకుడు:

అధ్యాపకురాలు గారికి ఒక సూచన. మన పిల్లలకు ఇది దగ్గర కావాలంటే తిరుత్తణి ఉదాహరణ చెప్పండి. మన చిత్తూరు జిల్లా 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలతో ఏర్పడింది. సరిహద్దు వివాదంలో మధ్యవర్తి అయిన పటాస్కర్ సిఫారసుల మీద 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. మా బంధువుల్లో సగం అటు, సగం ఇటు. ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి అయిన కుటుంబాలు మాకు బాగా తెలుసు. హునావీర్ కథ కూడా ఇదే కదా?

పుత్తూరు వాసి, ప్రస్తుతం స్ట్రాస్‌బర్గ్:

అన్నగారూ, మాదీ పక్క ఊరే గనుక మీరు చెప్పినది నాకూ అనుభవమే. ఇంటి భాష, బడి భాష వేరుకావడం అన్నంతవరకు ఆ పోలిక సరిగ్గా అతుకుతుంది. ఇక్కడి పెద్దవాళ్లు ఇంట్లో మాట్లాడే అల్సాసియన్ జర్మన్ కుటుంబానికి చెందిన భాష. బడిలో కొన్నాళ్లు ఫ్రెంచి, కొన్నాళ్లు జర్మన్, మళ్లీ ఫ్రెంచి. కానీ ఆ పోలికను అంతకుమించి లాగకూడదు. తిరుత్తణి ఒక దేశంలోనే రాష్ట్రం మారింది. అక్కడి యువకుడు ఎవరి సైన్యంలో చేరి ఎవరి మీద తుపాకీ ఎత్తాలన్నది మారలేదు. అల్సాస్‌లో అదే మారింది.

1871 తరువాత ఫ్రెంచి పౌరసత్వం కావాలనుకున్న వారు 1872 అక్టోబర్ 1 లోగా ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లిపోవలసి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో అల్సాస్ యువకులు జర్మన్ సైనికులు. 1940లో నాజీ జర్మనీ ఈ ప్రాంతాన్ని సంధి కూడా లేకుండా తనలో కలుపుకొని, ఫ్రెంచి మాట్లాడడాన్ని నిషేధించి, వీధుల పేర్లను, మనుషుల పేర్లను కూడా జర్మన్‌లోకి మార్పించింది. 1942 ఆగస్టులో నిర్బంధ సైనికసేవ ప్రకటించి సుమారు లక్షమంది అల్సాస్ యువకులను, పొరుగున ఉన్న మోజెల్ నుంచి మరో ముప్పై వేలమందిని జర్మన్ సైన్యంలోకి లాక్కుపోయింది. ఎక్కువమందిని రష్యా వైపే పంపారు. ముప్పై వేలకు పైగా తిరిగిరాలేదు. రెండు యుద్ధాల్లోనూ ఇలా జర్మన్ సైన్యంలో పోయినందువల్లనే ఇక్కడి యుద్ధ స్మారకాలు చాలావాటి మీద, ఫ్రాన్స్ అంతటా కనిపించే "ఫ్రాన్స్ కోసం మరణించినవారు" అన్న మాటకు బదులు, మా మృతులకు అని మాత్రమే ఉంటుంది. స్ట్రాస్‌బర్గ్‌లో మొదటి ప్రపంచయుద్ధ మృతుల కోసం 1936లో నెలకొల్పిన స్మారకంలో ఒక తల్లి ఒడిలో ఇద్దరు కొడుకులు ప్రాణం విడుస్తుంటారు. ఏ సైన్యం వారో తెలియకుండా వారికి దుస్తులే లేకుండా మలిచారు.

హునావీర్ కట్టడాలు నిలిచాయంటే అది అదృష్టమే. 1944 డిసెంబర్‌లో కోల్మార్ చుట్టూ జర్మన్ సైన్యం బిగుసుకు కూర్చున్నప్పుడు, కొద్ది కిలోమీటర్ల దూరంలోని బెన్‌వీర్, మిట్టెల్‌వీర్, సిగోల్సైమ్ నేలమట్టమయ్యాయి. 1945 ఫిబ్రవరి 2న కోల్మార్ విముక్తమయింది. ఇప్పుడు అటు వెళ్తే, హునావీర్, రికెవీర్‌లలో కలపచట్రాల పాత ఇళ్లు కనిపిస్తాయి. బెన్‌వీర్‌లో అన్నీ యుద్ధం తరువాత కట్టినవే, చర్చితో సహా. తరగతిలో ఈ రెండు ఊళ్ల బొమ్మలు పక్కపక్కన పెట్టండి.

చరిత్ర అధ్యాపకురాలు, తిరుపతి:

అందరికీ కృతజ్ఞతలు. తిరుత్తణిని పాఠం మొదట్లో ప్రస్తావించి, పుత్తూరు వారు చెప్పిన భేదాన్ని విద్యార్థుల చేతనే చెప్పించాలని అనుకుంటున్నాను. ఒక్కటి మిగిలింది. ఆ ఊరి పేరు వినగానే అంతర్జాలంలో కొంగలే కనబడుతున్నాయి. అవి పాఠంలోకి వస్తాయా, లేక పర్యాటక శాఖ అలంకారమేనా?

విశ్రాంత భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు, చిత్తూరు:

తప్పక వస్తాయమ్మా. తెల్లకొంగలు శీతకాలంలో ఆఫ్రికాకు వెళ్లి వసంతంలో తిరిగి వచ్చే పక్షులు. రైన్ తీరపు చిత్తడి నేలలను ఎండగట్టడం, విద్యుత్ తీగలు, ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణ అంచున ఉన్న సహేల్ ప్రాంతపు కరువు అన్నీ కలిసి, 1974 నాటికి అల్సాస్ మొత్తంలో తొమ్మిది జంటలే మిగిలాయి. 1976లో హునావీర్‌లో పునరుద్ధరణ కేంద్రం పెట్టి, పిల్లలను మొదటి మూడేళ్లు పెద్ద పంజరాల్లో ఉంచి వలస పోవాలన్న ప్రేరణను అణచారు. ఇప్పుడు ఆ ప్రాంతంలో వందల జంటలు ఉన్నాయి; వాటిలో కొన్ని చలికాలంలోనూ అక్కడే ఉండిపోతాయి. రైన్‌ను కట్టలు వేసి తిన్నగా చేసిన 19వ శతాబ్దపు పనులతో ఈ చిత్తడి నేలల కథ ముడిపడి ఉంది. కనుక కొంగలను పాఠం చివర కాక, మైదానం గురించి చెప్పే చోటనే పెట్టండి. పటాలు రెండు చాలు: వోజ్ నుంచి బ్లాక్ ఫారెస్ట్ దాకా నేలను అడ్డంగా కోసి చూపే పటం ఒకటి, 1648, 1871, 1918, 1940, 1945 సరిహద్దులను ఒకదానిపై ఒకటి వేసినది ఒకటి. మొదటిదాన్ని నేను గీసి పంపగలను.