తోమా కొండకు మోకాళ్ల నొప్పి ఉన్న అత్తగారిని తీసుకెళ్లవచ్చా?

బొబ్బిలి కోడలు:
మా అత్తగారికి డెబ్బై ఒకటి. కెనడా బాప్టిస్టు మిషను గుడి నీడలో పెరిగారు. విగ్రహాలు, పునీతుల ఎముకలు అంటే ఆమడ దూరం. అలాంటి మనిషి పోయిన ఆదివారం యేసు శిష్యుడు తోమా మీద ప్రసంగం విని వచ్చి, "ఆయన్ని పొడిచి చంపిన కొండ మద్రాసులోనే ఉందట కదా, చూపించమ్మా" అంటున్నారు. ఎక్కగలరా? అక్కడున్నవి నిజంగా తోమావేనా అంటే ఏమని చెప్పాలి?

ఆమదాలవలస మాస్టారు:
అమ్మా, హౌరా–చెన్నై మెయిల్‌లో సెంట్రల్‌కు వెళ్లండి. అక్కడి నుంచి కొండ ఉన్న పరంగిమలైకి మెట్రో ఉంది. పైదాకా ఆటో వెళ్తుంది. నేను పౌరుషానికి పోయి మెట్లెక్కాను. 1726లో పెట్రస్ ఉస్కాన్ అనే అర్మేనియా వర్తకుడు కట్టించినవి. సగంలో కూలబడి, విమానాలు దిగుతుంటే లెక్కపెడుతూ కూర్చున్నాను.

పైన గుడి చిన్నది. బలిపీఠం దగ్గర గోడలో రాతి శిలువ ఉంటుంది. 1547లో పోర్చుగీసువారి తవ్వకాల్లో దొరికింది. తోమా స్వయంగా చెక్కాడని, 1558లో దానికి నెత్తుటి చెమట పట్టిందని చెబుతారు. దాని అంచు చుట్టూ తిరిగే అక్షరాలు చూపించండి. అవి పహ్లవీ, అంటే ఒకప్పటి పారశీకం. తోమాకు కొన్ని వందల ఏళ్ల తరువాతివి. నాకైతే నెత్తుటి కథకన్నా అవే నచ్చాయి.

మద్రాసులోనే ఉన్న శాంథోమ్ చర్చిలో తోమా సమాధి గది నేల కింద ఉంది. ఆ మెట్లు దిగేటప్పుడు మాత్రం చేయి పట్టుకోండి.

పాలకొండ రోడ్డు:
అసలు ఎముకలు ఇప్పటి టర్కీలోని ఎడెస్సాకు, అక్కడి నుంచి గ్రీసులోని ఖియోస్ ద్వీపానికి, 1258లో ఇటలీలోని ఓర్తోనాకు చేరాయంటారు. శాంథోమ్‌లో మిగిలింది చిన్న ఎముక ముక్క, ఈటె మొన. గోరంత ముక్క కోసం ఇంత ప్రయాణమా?

ఆమదాలవలస మాస్టారు:
శాలిహుండం వెళ్లలేదా బాబూ? 1919లో గిడుగు రామమూర్తిగారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రం. అక్కడా ధాతుకరండం, అంటే ఎముకలు దాచే పేటిక, దొరికింది. ఏటా బడి పిల్లలను తీసుకెళ్లేవాణ్ణి. "ఎముక ఎవరిదండీ" అని అన్నేళ్లలో ఒక్కడే అడిగాడు. మిగిలినవాళ్లు వంశధారను చూస్తూ పులిహోర తిన్నారు.

బొబ్బిలి కోడలు:
అన్నీ చదివి వినిపించాను. ఇటలీ సంగతికి ఆవిడ చలించలేదు. "గోరంతే అయితే ముందు నా కళ్లజోడు మార్పించు" అన్నారు. మెయిల్‌లో కింది బెర్తులు రెండు దొరికాయి.