మిషన్ ఆసుపత్రి బోరు ఇంకా లోతుకు దించాలా?

డయాలసిస్ టెక్నీషియన్:
మా కథోలిక ఆసుపత్రి బోరు అడుగంటింది. వెయ్యి అడుగుల దాకా ఇంకోటి వేయిద్దామని యాజమాన్యం అంటోంది. ప్రహరీ అవతలే కాలనీ చేతిపంపు. మనం లోతుకెళ్తే అది ఎండిపోతుందని వాళ్ల భయం. నా మట్టుకు నాకు, ముందు మన వృథాను కొలవకుండా బోరు వేయడం తప్పు. మీరేమంటారు?

రిటైర్డ్ నర్సు:
కాన్పుల వార్డులో నీళ్లు అయిపోయిన రాత్రి చూశాను బాబూ. ఆయాలు బిందెలతో మోస్తుంటే తల్లిని శుభ్రం చేశాం. ఆ రాత్రి మళ్లీ ఎవరికీ రాకూడదు. బోరు వేయండి.

పల్నాడు రైతు:
అమ్మా, పక్కాయన లోతుకేశాడని నేనింకా లోతుకేశాను. నాలుగు బోర్లకు ఎకరం పొలం పోయింది, నీళ్లు మాత్రం రాలేదు. పైగా నీళ్లను, భూమిని, చెట్లను కాపాడటానికి తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది. ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బోరు వేయకూడదు. అనుమతి అడిగారా?

డయాలసిస్ టెక్నీషియన్:
ఇంకా లేదన్నా. నా లెక్క వినండి. డయాలసిస్ ద్రవం నిమిషానికి 500 మిల్లీలీటర్లు, నాలుగు గంటలకు 120 లీటర్లు. అదంతా ఆర్వో ప్లాంటులో శుద్ధి చేసిన నీరే కావాలి, అందులో చుక్క తగ్గించమని నేను అడగను. కానీ ఆ నీటిని తీసేటప్పుడు మా ప్లాంటు దాదాపు అంతే నీటిని బయటికి తోసేస్తోంది. అది రోగి ఒంటిని తాకని నీరు, ఉప్పు కాస్త ఎక్కువ, అంతే. మొక్కలకు పనికిరాకపోయినా మరుగుదొడ్లకు, నేల కడగడానికి బాగా పనికొస్తుంది. ఏళ్లుగా సైడుకాలువలో పోస్తున్నాం. రోజూ చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

విచారణ గురువు (ఊరి చర్చి ఫాదర్):
సురక్షితమైన తాగునీరు మనిషి ప్రాథమిక హక్కని పోపు ఫ్రాన్సిస్ 2015లో 'లౌదాతో సీ' విశ్వలేఖ (అందరికీ ఉద్దేశించి పోపు రాసే లేఖ) 30వ పేరాలో రాశారు. 1920లో ఆస్ట్రేలియా నుంచి గుంటూరు వచ్చిన డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ 1943లో మన కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. ఆమె వైద్యం పేదలను వెతుక్కుంటూ వెళ్లింది. మన వార్డులో ఉన్న పేద తల్లి, చేతిపంపు దగ్గర బిందె పట్టుకున్న తల్లి చాలాసార్లు ఒకరే. ఆమెకు మందిచ్చి నీళ్లు లాక్కుంటే అది సేవ కాదు.

రిటైర్డ్ నర్సు:
ఫాదర్, మీ మాట కాదనను. కానీ వృథా అంతా ఆపాక కూడా మే నెలలో బోరు ఎండితే? ట్యాంకరు తెప్పిస్తే ఆ నీళ్లూ ఇంకో ఊరివే కదా!

డయాలసిస్ టెక్నీషియన్:
అప్పుడు వేద్దాం సిస్టర్, అనుమతి తీసుకుని. దాంతోపాటు కాలనీకి ఒక కుళాయి లైను. ముందు మాత్రం ప్రతి వార్డుకూ మీటరు, ఆర్వో ప్లాంటు బయటికి తోసే నీటికి వేరే ట్యాంకు.

రిటైర్డ్ నర్సు:
లైను ఇచ్చేట్టయితే నేనూ మీ పక్షమే.

పల్నాడు రైతు:
లైను సంగతి కాగితం మీద రాసి, కాలనీ పెద్దల ముందు సంతకం పెడతారా? నోటిమాటలు మేం చాలా విన్నాం.