అరణమా, భరణమా? అమ్మమ్మ పద్యంలో ఒక్క అక్షరం

తణుకు అమ్మాయి:
నాలుగు రోజులుగా ఒక పద్యపాదం బుర్ర తినేస్తోంది. మా అమ్మమ్మ అనేది, "అప్పు మగనిదైన అరణమాలిది గదా" అని. అప్పు మొగుడిదైనా అరణం, అంటే పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చిన సొమ్ము, పెళ్లాందే అని. మిగతా మూడు పాదాలు గుర్తు లేవు. మా చెల్లి కేసు ఫ్యామిలీ కోర్టులో నడుస్తోంది, మొన్న పెళ్లి సామాన్ల లిస్టు రాయడానికి కూర్చున్నాం. పన్నెండు కాసుల బంగారం, బీరువా, పందిరిమంచం, అమ్మమ్మ ఇచ్చిన రెండు ఇత్తడి బిందెలు. బిందె మెడ కింద చుక్కలు చుక్కలుగా చెల్లి పేరు, పెళ్లి తేదీ చెక్కి ఉన్నాయి. ఫొటోలో అవి చూస్తుంటే ఈ పాదం నోటికొచ్చింది. పక్కనే ఉన్న పెద్దమ్మ "అరణం కాదే, భరణం" అంది. పూర్తి పద్యం ఎవరికైనా వచ్చా?

యతిమైత్రి:
ఆటవెలది మొదటి పాదం, గణాలన్నీ కుదిరాయి. నాలుగో గణం మొదట యతి పడాలి, అంటే అక్కడి అక్షరం పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి. అప్పు, అరణ. భరణం పెడితే యతి చెడుతుంది. పెద్దమ్మగారికి నమస్కారం చెప్పండి, కానీ అరణమే.

గోస్తనీ తీరం:
అంత తొందరగా తేల్చేయకండి. మా విజయనగరం వైపు నేను విన్నది "బాకి మగనిదైన భరణమాలిది గదా". బా, భ. యతి చక్కగా పడింది కదా. మొగుడు ఎన్ని బాకీలు పడ్డా పెళ్లాం తిండికి ఇవ్వాల్సింది మాత్రం ముందు తీసి పెట్టాలని అర్థం.

యతిమైత్రి:
బాకీ అరబ్బీ మాటండీ. పాత పద్యంలో ఉండదు.

గోస్తనీ తీరం:
పాతదని ఎవరన్నారు? అమ్మమ్మ నోట విన్నంత మాత్రాన తిక్కన కాలం నాటిది కానక్కర్లేదు. వందేళ్ల కిందటి అవధాని ఎవరైనా చెప్పి ఉండొచ్చు, అప్పటికి బాకీ, జప్తు, వసూలు అన్నీ ఇంట్లో మాట్లాడుకునే మాటలే.

పాత ప్లీడరు:
యతి సంగతి మీరు చూసుకోండి, అర్థాన్ని బట్టి నేను అరణం వైపు. స్త్రీధనం భార్య సొంతమనీ, భర్త చేతిలో ఉన్నా అది అప్పగించిన సొమ్మేననీ సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది, ఉమ్మడి ఆస్తి కాదని 2024లో మళ్లీ చెప్పింది. భరణం అలా కాదు, హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద అడగాలి, ఇద్దరి ఆస్తులు, అప్పులు, ఆదాయం చూసి కోర్టు ఆర్డరు వెయ్యాలి. ఆర్డరు రాకముందే "ఆలిది" ఎలా అవుతుంది? అరణమైతే పుట్టింటి గడప దాటేటప్పుడే ఆమెది.

తణుకు అమ్మాయి గారూ, పద్యంతో పనిలేని మాట ఒకటి. విడాకులైతే ఆస్తి చెరి సగం అనే రూలు మన దగ్గర లేదు, గోవా పద్ధతి వేరు. ఆయన ఒక్కడే సంతకం పెట్టిన ప్రోనోటు ఆమె మెడకి చుట్టుకోదు. కానీ హౌసింగ్ లోన్ మీద ఇద్దరి సంతకాలూ ఉంటే, ఎవరు కట్టాలో మీలో మీరు ఏం రాసుకున్నా బ్యాంకు ఇద్దర్నీ అడుగుతుంది. ముందు అది చూసుకోండి. బిందె మీద పేరు ఫొటో దగ్గరగా తీయించండి, అది మంచి ఆధారం.

కేతన దారిలో:
ఇంత మాట్లాడుకుని కేతనని ఎవరూ తలవలేదేం? యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్యానమైన మితాక్షరని 13వ శతాబ్దంలోనే తెలుగు పద్యాల్లోకి తెచ్చి విజ్ఞానేశ్వరీయం రాసినవాడు. కరువు, ధర్మకార్యం, జబ్బు, నిర్బంధం, ఈ నాలుగింట్లో మగడు వాడుకున్న స్త్రీధనం తిరిగి ఇవ్వక్కర్లేదని యాజ్ఞవల్క్యుడు అన్నాడు. మీ అమ్మమ్మగారి పాదం ఆ మినహాయింపుకి ఒక ఇల్లాలు చెప్పిన జవాబులా నాకు వినిపిస్తోంది. అభినవదండి అనిపించుకుని, దశకుమారచరిత్రని తిక్కనకే అంకితమిచ్చిన కవిని మనం ఆయన వ్యాకరణం ఆంధ్రభాషాభూషణం కోసం తప్ప తలుచుకోం, అది నాకు నిజంగా బాధ.

యతిమైత్రి:
కేతన మీద వేరే చర్చ పెట్టండి, నేనూ వస్తాను. అన్నట్టు అరణం హరణానికి తద్భవం. భారతం ఆదిపర్వంలో సుభద్ర పెళ్లికి కృష్ణుడు ఇంద్రప్రస్థానికి తెచ్చిన కానుకలు, ఆ హరణమే.

గోస్తనీ తీరం:
హరణమంటే ఎత్తుకుపోవడం కూడానండీ. అర్జునుడు సుభద్రని చేసిందీ అదే. అందుకే ఆ మాట మీద నాకంత నమ్మకం లేదు, ఆలిని భరించేది భరణమే.

తణుకు అమ్మాయి:
లోన్ కాగితాలు తీయించాను, ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. చాలా థాంక్స్ ప్లీడరు గారూ. ఇందాక అమ్మకి ఫోన్ చేసి పాదం పాడమంటే "అప్పు" అంది. పెద్దమ్మని పాడమంటే ముందు "బాకి" అని, వెంటనే "కాదు, ఉండు" అని ఆగిపోయింది. రెండో పాదం చివర "తాకరాదు" అని మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు.

యతిమైత్రి:
తాకరాదు! అయితే తా నాలుగో గణం. రెండో పాదం త గానీ ద గానీ పట్టుకుని మొదలవ్వాలి. "దాని"?

తణుకు అమ్మాయి:
"తల్లి" అన్నట్టు లీలగా గుర్తు.

యతిమైత్రి:
తల్లి ఇచ్చు సొమ్ము తాకరాదు. అరణమే!

గోస్తనీ తీరం:
మధ్యలో మూడు, నాలుగు అక్షరాలు మీరే పూరించేస్తే ఎలా? "తల్లి బిడ్డ" అయి ఉండొచ్చు, తల్లీబిడ్డల భరణం. పెద్దమ్మగారిని ఇంకోసారి పాడమనండి, ఈసారి రికార్డు చేయండి.