ఫీల్డ్ దాటే మెమ్‌కాపీ వార్నింగ్: కోడ్ సరిచేయాలా, వార్నింగ్ నోరు నొక్కాలా?

నాగావళి
మెయిన్‌లైన్‌లో (అసలు లినక్స్ సోర్స్‌లో) లేని ఒక పాత యూఎస్‌బీ వైఫై డ్రైవర్‌ని లినక్స్ 5.10 నుంచి 6.6కి ఎక్కిస్తున్నాను. రెండు చోట్ల ఆగిపోయాను.

ఒకటి కంపైల్ దగ్గరే. జాయిన్ కమాండ్ స్ట్రక్చర్‌లో సొంత మ్యాక్ 6 బైట్లు, దాన్ని ఆనుకునే బీఎస్‌ఎస్‌ఐడీ (యాక్సెస్ పాయింట్ అడ్రస్) 6 బైట్లు ఉన్నాయి. మ్యాక్ ఫీల్డ్ అడ్రస్ ఇచ్చి ఒకే మెమ్‌కాపీలో (బైట్లు కాపీ చేసే ఫంక్షన్) 12 బైట్లు రాసేశారు. ఫీల్డ్ సైజు దాటి రాస్తున్నారు, స్ట్రక్ట్ గ్రూప్ (పక్కపక్క ఫీల్డులకి ఉమ్మడి పేరిచ్చే మాక్రో) వాడి చూడండి అని జీసీసీ కంపైలర్ వార్నింగ్ ఇస్తోంది. వార్నింగ్‌ని కూడా ఎర్రర్‌గా లెక్కించే కాన్ఫిగ్ వెర్రర్ ఆన్‌లో ఉంది కాబట్టి బిల్డ్ అక్కడితో సరి.

రెండోది రన్‌టైమ్‌లో. ఇంకో స్ట్రక్చర్‌లో కమాండ్ నంబర్ 2 బైట్లు, లెంగ్త్ 2 బైట్లు, చివర ఒకే ఎలిమెంట్ ఉన్న బైట్ అరే. అందులోకి 32 బైట్లు కాపీ చేయగానే డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్) "ఫీల్డ్-స్పానింగ్ రైట్, ఫీల్డ్ సైజు 1" అని వస్తోంది.

ఇవి నిజంగా బగ్గులేనా? స్ట్రక్ట్ గ్రూప్ పెట్టాలా, తనిఖీ లేని అన్‌సేఫ్ మెమ్‌కాపీతో సరిపెట్టాలా?

పాత_కాపు
మొదటిది బగ్ కాదండీ. రెండూ బైట్ అరేలు, మధ్యలో ప్యాడింగ్ (కంపైలర్ చేర్చే ఖాళీ బైట్లు) వచ్చే అవకాశమే లేదు. 12 బైట్లూ ఆ స్ట్రక్చర్ లోపలే పడుతున్నాయి. రాసినవాడి ఉద్దేశం కంపైలర్‌కి తెలియదు, అంతే. అన్‌సేఫ్ మెమ్‌కాపీ పెట్టండి. నాలుగో ఆర్గ్యుమెంట్ చోట ఎందుకు సురక్షితమో కామెంట్‌గా రాయండి, మాక్రో దాన్ని మింగేస్తుంది. ఒక్క లైన్ మార్పు. స్ట్రక్చర్ జోలికి వెళ్లొద్దు.

మంజీర
ఒక్క లైనే, కానీ దాంతో ఆ చోట ఉన్న కాపలా మొత్తం పోతుంది. ఈ వార్నింగ్ ఇచ్చే ఫోర్టిఫై (కెర్నెల్‌లోని కాపీ తనిఖీ) రెండు కొలతలు చూస్తుంది. బిల్టిన్ ఆబ్జెక్ట్ సైజ్‌కి మోడ్ 0 ఇస్తే మొత్తం ఆబ్జెక్ట్ హద్దు, మోడ్ 1 ఇస్తే ఆ ఫీల్డ్ హద్దు. ఆబ్జెక్ట్ హద్దు దాటుతోందని కంపైల్‌లోనే తేలితే ఎర్రర్. ఫీల్డ్ హద్దు దాటితే వార్నింగ్ మాత్రమే. అన్‌సేఫ్ మెమ్‌కాపీ ఈ రెండు తనిఖీలనూ తీసేస్తుంది.

స్ట్రక్ట్ గ్రూప్ 5.16లో వచ్చింది. అది లోపల ఒక యూనియన్ కడుతుంది: ఒకవైపు పేరులేని స్ట్రక్చర్, ఇంకోవైపు అవే ఫీల్డులతో పేరున్న స్ట్రక్చర్. కాబట్టి పాత ఫీల్డ్ పేర్లు వాడిన చోట్లు అలాగే కంపైల్ అవుతాయి. కాపీ మాత్రం గ్రూప్ పేరు మీద, సైజు గ్రూప్ సైజాఫ్ (బైట్లలో సైజు చెప్పేది) నుంచి. ఐపీ హెడర్‌లో సోర్స్, డెస్టినేషన్ అడ్రసుల్ని "అడ్రెస్" అనే గ్రూపులో పెట్టింది ఇలాగే. నెట్‌వర్క్ ప్యాకెట్‌ని పట్టుకునే ఎస్‌కే బఫ్‌లో హెడర్స్ మొదలు, చివర అని ఉండే సున్నా సైజు గుర్తుల్ని తీసేసి "హెడర్స్" గ్రూప్ చేసిందీ ఇలాగే.

రేపు ఎవరైనా మ్యాక్‌కీ బీఎస్‌ఎస్‌ఐడీకీ మధ్య 4 బైట్ల ఫ్లాగ్ చేర్చారనుకోండి. మీ పద్ధతిలో ఆ 12 బైట్లు నిశ్శబ్దంగా తప్పు చోట పడతాయి. గ్రూప్ ఉంటే కాపీ సైజు 16 అవుతుంది. సోర్స్ 12 బైట్లేనని కంపైలర్‌కి కనిపిస్తే బిల్డే ఆగుతుంది.

పాత_కాపు
వైర్ మీదకి (డివైస్‌కి) వెళ్లే కమాండ్ స్ట్రక్చర్ మధ్యలో ఫ్లాగ్ ఎవరు చేరుస్తారండీ? ఫర్మ్‌వేర్ ఒప్పుకోదు. అయినా ఆ స్ట్రక్చర్ ప్యాక్డా (ప్యాడింగ్ లేకుండా బిగించినదా) కాదా అని అడగకుండానే గ్రూప్ పెట్టమంటున్నారు. బయటి స్ట్రక్చర్‌కి ప్యాక్డ్ ఉన్నంత మాత్రాన లోపలి స్ట్రక్చర్‌కి రాదు. గ్రూపులో ఒక బైటు, దాని వెనక 4 బైట్ల పూర్ణాంకం ఉంటే మధ్యలో 3 బైట్ల ప్యాడింగ్ దూరుతుంది. వార్నింగ్ పోతుంది, వైర్ ఫార్మాట్ చెడుతుంది.

హెక్స్_డంప్
పాహోల్ (స్ట్రక్చర్ లేఅవుట్ చూపే టూల్) అవుట్‌పుట్ పెట్టండి. ఊహలతో పని లేదు.

నాగావళి
జాయిన్ స్ట్రక్చర్ ప్యాక్డ్. మ్యాక్ ఆఫ్‌సెట్ 4, బీఎస్‌ఎస్‌ఐడీ ఆఫ్‌సెట్ 10. రెండో స్ట్రక్చర్ ప్యాక్డ్ కాదు.

మంజీర
అయితే మొదటిదానికి స్ట్రక్ట్ గ్రూప్ అట్రిబ్యూట్ రకం వాడి ప్యాక్డ్ ఇవ్వండి. వీటిలో ప్యాడింగ్ రాదు, అయినా ఇవ్వండి. కింద స్టాటిక్ అసర్ట్‌లు రెండు: గ్రూప్ సైజు 12, గ్రూప్ ఆఫ్‌సెట్ 4. మార్పుకి ముందూ తర్వాతా ఆబ్జెక్ట్ ఫైల్ ఆబ్జ్‌డంప్‌తో డిస్అసెంబుల్ చేసి డిఫ్ తీయండి. లైన్ నంబర్లు తప్ప ఇంకేం తేడా కనిపించినా ఆగిపోండి.

రెండో దానికి కారణం వేరు. 6.5 నుంచి కెర్నెల్ స్ట్రిక్ట్ ఫ్లెక్స్ అరేస్ లెవెల్ 3తో బిల్డ్ అవుతోంది. అంతకుముందు చివర ఉన్న ఏ అరేనైనా ఎంతైనా సాగుతుందని కంపైలర్ వదిలేసేది. ఇప్పుడు 1 అంటే 1. డేటాని ఖాళీ బ్రాకెట్ల ఫ్లెక్సిబుల్ అరేగా మార్చి, ఎలొకేషన్ దగ్గర సైజు లెక్కకి స్ట్రక్ట్ సైజ్ మాక్రో వాడండి.

పాత_కాపు
ఇదిగో, ఇక్కడే కొంప మునిగేది. పాత ఎలొకేషన్ ఎలా ఉంటుంది? సైజాఫ్ ప్లస్ ఎన్ మైనస్ 1 (ఎన్ అంటే డేటా బైట్లు). ఇప్పుడు సైజాఫ్ 6. అరే ఖాళీ చేయగానే 4 అవుతుంది. ఆ మైనస్ 1 ఒక్క చోట మిగిలిపోయినా ఎన్ ప్లస్ 3 బైట్లే దొరుకుతాయి, కావలసింది ఎన్ ప్లస్ 4. వార్నింగ్ తీయబోయి నిజమైన హీప్ ఓవర్‌ఫ్లో తెచ్చుకున్నట్టు.

బూట్‌లోడర్
సైజాఫ్ 5 కదా? 2+2+1.

పాత_కాపు
ప్యాక్డ్ కాదని ఆయన పైనే చెప్పారు. 2 బైట్ల అలైన్‌మెంట్, చివర ఒక బైట్ ప్యాడింగ్. 6.

బూట్‌లోడర్
ప్యాక్డ్ అయితే 5 ప్లస్ ఎన్ మైనస్ 1, సరిగ్గా ఎన్ ప్లస్ 4. అంటే రాసినవాళ్లు ప్యాక్డ్ పెట్టడం మర్చిపోయి ఉంటారు.

పాత_కాపు
మర్చిపోయారో లేదో మనకెందుకు? ఇన్నేళ్లుగా ఎన్ ప్లస్ 5 బైట్లే ఫర్మ్‌వేర్‌కి వెళ్తున్నాయి. 32 పంపితే 37. మంజీర గారు చెప్పినట్టు చేస్తే 36. ఫర్మ్‌వేర్ ఆ 37నే సరిచూసుకుంటుంటే డివైస్ నోరెత్తదు. ఇలాంటి ప్యాచ్‌లు పంపేవాళ్లలో ఎంతమంది దగ్గర ఆ డాంగిల్ ఉంటుంది? మా డ్రైవర్‌కి ఇలాగే "ఫంక్షనల్ మార్పు లేదు" అని రాసి పంపారు. స్కాన్ ఆగిపోయింది. పంపినవాళ్లు కనిపించలేదు, ఏ మార్పు చెడగొట్టిందో బైసెక్ట్ చేసుకుంటూ మేం కూర్చున్నాం.

మంజీర
ఒకరి అజాగ్రత్తకి పద్ధతినే తప్పు పడతారా? మీ లెక్కన పాత కోడ్‌ని ఎవరూ ముట్టుకోకూడదు. అది అలా పడి ఉంటే ప్రతి బిల్డ్‌లో వార్నింగ్ వస్తుంది, అలవాటుపడి ఎవరూ చదవరు. ఆ గుంపులో కొత్తగా చేరిన నిజమైన ఓవర్‌ఫ్లో ఎవరికి కనిపిస్తుంది? రన్‌టైమ్‌లో అది వార్న్ వన్స్ (ఒక్కసారే లాగ్‌లో రాసేది) మాత్రమే, కాపీ ఆగదు. కానీ వార్నింగ్‌కే కెర్నెల్‌ని ఆపేసే ప్యానిక్ ఆన్ వార్న్ పెట్టిన మెషీన్ మొత్తం పడిపోతుంది.

పాత_కాపు
ముట్టుకోవద్దనలేదు. స్ట్రక్ట్ గ్రూప్‌కి నాకు అభ్యంతరమే లేదు, అది కోడ్‌జెన్ (తయారయ్యే మెషీన్ కోడ్) మార్చదు, డిఫ్‌తో నిరూపించవచ్చు. సైజాఫ్ మార్చే ప్యాచ్‌ని మాత్రం హార్డ్‌వేర్ మీద నడపకుండా ఎవరూ పంపకూడదంటున్నాను. ఈ రెంటినీ ఒకే "క్లీనప్" కింద కట్టేస్తున్నారు. నా గొడవంతా అదే.

మంజీర
ఆ మాట మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే సగం వాదన ఉండేది కాదు. సైజు మారకుండానే దారి ఉంది. పాత ఒక్క ఎలిమెంట్ అరేనీ, డిక్లేర్ ఫ్లెక్స్ అరే మాక్రోతో ఇంకో పేరున్న అరేనీ ఒక యూనియన్‌లో పెట్టండి. సైజాఫ్ 6 గానే ఉంటుంది, మెమ్‌కాపీ మాత్రం కొత్త పేరులోకి. యూజర్‌స్పేస్ హెడర్లలో ఐపీ ఎంఎస్‌ఫిల్టర్ స్ట్రక్చర్‌కి ఇదే చేశారు, అక్కడ సైజు మార్చే వీల్లేదు కాబట్టి.

అయినా ఒకటి మిగులుతుంది. 37 పంపుతున్నారు, హెడర్ 4, డేటా 32. ఆ చివరి బైట్ ఎవరు నింపుతున్నారు? ఎలొకేషన్ కేమాలక్ (మెమరీని తుడవకుండానే ఇచ్చేది) అయితే కెర్నెల్ మెమరీలోని పాత బైట్ ఒకటి ప్రతి కమాండ్‌తో బయటికి వెళ్తోంది.

పాత_కాపు
నిజమే. సున్నాలు నింపి ఇచ్చే కేజెడ్ఎలాక్ చేయండి. పొడవు మారదు, చివరి బైట్ సున్నా అవుతుంది. దీనికి హార్డ్‌వేర్ పరీక్ష కూడా పెద్దగా అక్కర్లేదు.

శ్రీకాకుళం_కుర్రాడు
W=1తో (అదనపు వార్నింగ్‌లతో) కూడా బిల్డ్ చేయండి. సోర్స్ ఫీల్డ్ దాటి చదివే వార్నింగ్‌లు మామూలు బిల్డ్‌లో దాదాపు కనిపించవు.

నాగావళి
కేమాలక్కే ఉంది. యూఎస్‌బీమాన్‌లో (యూఎస్‌బీ ట్రాఫిక్ చూపేది) పొడవు 37 అని చూశాను, చివరి బైట్ కమాండ్‌కో రకంగా వస్తోంది. అయితే మూడు ప్యాచ్‌లుగా విడదీస్తాను: జాయిన్‌కి గ్రూప్, కేజెడ్ఎలాక్, యూనియన్. 36కి తగ్గించడం వేరే సిరీస్, పాత ఫర్మ్‌వేర్ డాంగిల్ చేతికొచ్చాక.

మంజీర
కేజెడ్ఎలాక్ ప్యాచ్‌ని మొదట పెట్టండి, పాత స్టేబుల్ కెర్నెళ్లకి కూడా అది ఒక్కటే విడిగా ఎక్కుతుంది. 36 ప్రయత్నించేటప్పుడు హెడర్‌లోని లెంగ్త్ ఫీల్డ్‌లో ఎన్ రాస్తున్నారా, ఎన్ ప్లస్ 1 రాస్తున్నారా చూడండి. ఎన్ ప్లస్ 1 అయితే ఆ అదనపు బైట్‌ని ఫర్మ్‌వేర్ లెక్కలోకి తీసుకుంటున్నట్టే.

పాత_కాపు
అలా ఉంటే 37 అలాగే ఉంచేయండి.

మంజీర
ఉంచితే ఆ బైట్‌కి స్ట్రక్చర్‌లో రిజర్వ్‌డ్ అని పేరు పెట్టలేరు, అది డేటా తర్వాత వస్తుంది. ఎలొకేషన్ దగ్గర కామెంట్ రాయాలి. అది ఫర్మ్‌వేర్ కోసమేనని అక్కడ రాసి లేకపోతే వచ్చే ఏడాది ఎవరో ఒకరు మళ్లీ 36 చేస్తారు.