కత్తి పదును ఎంతసేపు నిలుస్తుందో సరిగ్గా టెస్ట్ చేయడం ఎలా?

రెండు కస్టమ్ ఫిక్స్‌డ్ బ్లేడ్ కత్తులు చేయించుకున్నా, ఒకటి 1095 (కార్బన్ స్టీల్), ఇంకోటి డి2 (టూల్ స్టీల్). ఏది ఎక్కువసేపు పదును నిలుపుతుందో చూద్దామని అట్టపెట్టెలు కోస్తుంటే ఒక్కోసారి ఒక్కో రిజల్ట్ వస్తోంది, ఎక్కడ తప్పు చేస్తున్నా?

జవాబు: ముందు రెండిటికీ అంచు నూరిన యాంగిల్ ఒకటేనా చూడు బ్రో. ఒకదానికి వైపుకి 15 డిగ్రీలు, ఇంకోదానికి 20 ఉంటే నువ్వు టెస్ట్ చేసేది స్టీల్‌ని కాదు, యాంగిల్‌ని. ఒకే గ్రిట్ (గరుకుదనం) ఉన్న రాయి మీద నూరి, బర్ (నూరినప్పుడు అంచున లేచే సన్నటి లోహపు పొర) పూర్తిగా పోయేదాకా స్ట్రాప్ చెయ్యి, అంటే తోలు పట్టీ మీద రుద్దు, బర్ మిగిలితే మొదటి కొన్ని కోతల్లోనే మడతపడి మొద్దుబారినట్టు అనిపిస్తుంది.

జవాబు: అట్టలో ఇసుక రేణువులు ఒక్కో పెట్టెకి ఒక్కోలా ఉంటాయి, అందుకే నేను నార తాడే వాడతా. ఒకే చుట్ట, బ్లేడ్ మీద రెండంగుళాలు మార్క్ చేసి అక్కడితోనే కోత, ప్రతి 20 కోతలకీ న్యూస్‌పేపర్ మీద చూడటం, అంతే. ల్యాబుల్లో పదును ఎంత నిలుస్తుందో కొలిచే క్యాట్రా మెషిన్ కూడా మామూలు అట్ట కాదు, ఒకే మోతాదులో సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) కలిపిన కార్డునే కోస్తుంది.

నిజమే అన్నా, డి2 యాంగిల్ బాగా ఎక్కువుంది! మళ్లీ నూరి తాడు మీద చూస్తా.

జవాబు: డి2లో క్రోమియం కార్బైడ్లు (స్టీల్‌లో ఉండే బాగా గట్టి రేణువులు) ఎక్కువ కాబట్టి అరుగుదల తక్కువే ఉండాలి, కానీ హీట్ ట్రీట్‌మెంట్ (స్టీల్‌ని కాల్చి చల్లార్చి గట్టిపరచడం) సరిగ్గా లేకపోతే ఆ లాభం పోతుంది. లెన్స్‌తో అంచు చూడు, అరిగిందా, పెచ్చు లేచిందా అని.