సూక్ష్మ, విప్రకృష్ట: నడుమ పదం ఏది?

ప్రశ్న అడిగినవారు:
ఒక ఉత్కంఠభరిత నవలను తెలుగు చేస్తున్నాను. అతీంద్రియ దృష్టి గల పరిశోధకురాలు మూతబడిన మానసిక వైద్యశాలకు వెళ్లి, తాళం వేసిన గది గోడకు చేయి ఆనించి, 30 ఏళ్ల క్రితం ఆ గదిలో రోగులకు తెలియకుండా వారి మీద జరిపిన ప్రయోగాలను చూస్తుంది. ఆ చూపును వర్ణించబోయినప్పుడల్లా పతంజలి యోగసూత్రాల్లోని ఒక సమాసం సగమే గుర్తుకు వచ్చి వేధిస్తోంది: ‘సూక్ష్మ... విప్రకృష్టజ్ఞానమ్’. నడుమ ఉన్నది ‘వ్యవహృత’మా, ‘వ్యవహిత’మా?

సంస్కృతోపన్యాసకులు:
వ్యవహితమే. ‘ప్రవృత్త్యాలోకన్యాసాత్ సూక్ష్మవ్యవహితవిప్రకృష్టజ్ఞానమ్’ అని యోగసిద్ధులను చెప్పే విభూతిపాదం. సూక్ష్మమైనదీ, అడ్డు చాటున ఉన్నదీ, దూరాన ఉన్నదీ తెలుస్తాయని అర్థం. వ్యవహృతంలో ఉన్నది హృ ధాతువు, వ్యవహితంలో ఉన్నది ధా ధాతువు. ‘దధాతేర్హిః’ అని, దాని స్థానంలో హి వస్తుందన్నాడు పాణిని. మీరు ఆ ఇకారాన్ని ఋకారం చేశారంటే, గోడ అవతల చూడవలసిన పరిశోధకురాలు వ్యవహారంలో, అంటే వ్యాజ్యంలో, చిక్కుకుంటుంది.

తెనాలి సభ్యులు:
రూపం విషయంలో గురువుగారి మాటే నాదీ. అర్థం దగ్గరే నాకు అభ్యంతరం. గోడకు అవతల ఇప్పుడు ఉన్నది వ్యవహితం అవుతుంది. 30 ఏళ్ల క్రితం జరిగిపోయినది ఎలా అవుతుంది? గతించినదాన్ని చూడటానికి పతంజలి వేరే సూత్రమే పెట్టాడు: ‘పరిణామత్రయసంయమాదతీతానాగతజ్ఞానమ్’. ఆమె చూసినది అతీతం, అంటే గడిచిపోయినది. అనువాదకులు ఈ రెండు సిద్ధులను కలిపేస్తున్నారు.

రాజమహేంద్రవరం సభ్యులు:
అయ్యా, తెలుగువారి చెవికి ‘వ్యవధి’ అన్నప్పుడు గోడ గుర్తుకు రాదు, గడువు గుర్తుకు వస్తుంది. వ్యవధి, వ్యవధానం (అడ్డు), వ్యవహితం మూడూ ఒకే ధాతువు పిల్లలు. అవధానం కూడా ఆ ఇంటిదే. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి చేసే పని వ్యవధానం కల్పించడమే కదా. పృచ్ఛకుడు అడిగినదానికీ అవధాని పూరించేదానికీ నడుమ అడ్డుపడేది కాలమే. కాబట్టి కాలం చాటున ఉన్నదీ వ్యవహితమే అవుతుందని నా అభిప్రాయం.

సంస్కృతోపన్యాసకులు:
తెలుగులో మారిన అర్థాన్ని పతంజలికి అంటగట్టకూడదు. సాంఖ్యదర్శన గ్రంథం సాంఖ్యకారికలో, ఉన్న వస్తువు కనబడకపోవడానికి ఎనిమిది కారణాలు చెప్పారు: అతిదూరం, సామీప్యం, ఇంద్రియఘాతం, మనస్సు నిలవకపోవడం, సౌక్ష్మ్యం, వ్యవధానం, అభిభవం (బలమైనది కప్పేయడం), సమానాభిహారం (తనలాంటివాటిలో కలిసిపోవడం). వ్యవధానానికి దాని వ్యాఖ్యాత గౌడపాదుడిచ్చిన ఉదాహరణ గోడ. అక్కడ కాలం ప్రసక్తి లేదు.

వైద్యురాలైన సభ్యురాలు:
ఆ ఎనిమిదింటిలో చివరిదాన్ని వదిలేయకండి గురువుగారూ. ఇలాంటి కథలకు నిజమైన ఆధారం మాంట్రియల్‌లోని అలన్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఆందోళనకో, ప్రసవానంతర దిగులుకో చికిత్స కోసం వచ్చినవారికి ఈవెన్ కామెరాన్ అనే మనోవైద్యుడు మందులతో రోజుల తరబడి నిద్ర పట్టించి, విద్యుదాఘాతాలిచ్చి, టేపు మీద ఒకే వాక్యాన్ని పదేపదే వినిపించేవాడు. 1957 నుంచి కొన్నేళ్లపాటు అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. మనసును అదుపు చేసే ప్రయోగాల కోసం పెట్టిన తన ‘ఎం.కె. అల్ట్రా’ పథకం కింద ఒక ముసుగు సంఘం ద్వారా ఈయనకు డబ్బు పంపింది. 1973లో ఆ పథకం కాగితాలన్నీ నాశనం చేయమని అధిపతి ఆదేశించినా, ఆర్థిక లెక్కల కాగితాల్లో కలిసిపోయిన సుమారు 20,000 పుటలు మిగిలి 1977లో బయటపడ్డాయి. ఇది వ్యవధానం కాదు, అచ్చమైన సమానాభిహారం. బయటపెట్టినదీ దివ్యదృష్టి కాదు, అమెరికా సమాచార స్వేచ్ఛా చట్టం కింద పెట్టుకున్న దరఖాస్తు.

సంస్కృతోపన్యాసకులు:
బాగుందమ్మా. పెసల రాశిలో వేసిన పెసగింజ అంటాడు గౌడపాదుడు. ఇంత తగిన ఉదాహరణ నాకు తట్టలేదు.

తెనాలి సభ్యులు:
ఇంకో విచిత్రం గమనించారా? ఆ టేపుల పద్ధతికి కామెరాన్ పెట్టుకున్న పేరు ‘సైకిక్ డ్రైవింగ్’. సైకిక్ అంటే మానసికమనీ, అతీంద్రియమనీ రెండర్థాలు. తరవాత 1972 నుంచి అదే గూఢచారి సంస్థ కాలిఫోర్నియాలో దూరవీక్షణ, అంటే ఎక్కడో ఉన్నదాన్ని మనసుతో చూడటం, మీద పరిశోధనకు కూడా డబ్బిచ్చింది. వరుసగా పేర్లు మారుతూ సాగిన ఆ పనిని, గూఢచర్యానికి ఎన్నడూ పనికిరాలేదని సమీక్షలో తేలాక, 1995లో ఆపేశారు. అది ముమ్మాటికీ విప్రకృష్టజ్ఞానమే. అంటే చూసేవాడూ హింసించేవాడూ ఒకే పద్దు కింద జీతం తిన్నారు. మన పింగళి సూరన ఈ సంగతిని 16వ శతాబ్దంలోనే పసిగట్టాడు. ‘కళాపూర్ణోదయం’లో మణిస్తంభుడు సిద్ధుడు, దూరదృష్టి, దూరశ్రవణం గలవాడు, ఎక్కడెక్కడి సంగతులో చెప్పి నమ్మించి, చివరికి కలభాషిణిని అమ్మవారికి బలి ఇవ్వబోయిందీ అతడే. దివ్యదృష్టి ఉన్నవాడు మంచివాడే అయి తీరాలన్న అమాయకత్వం సూరనకు లేదు. నవలాకారులు నేర్చుకోవలసింది ఆయన దగ్గరే.

రాజమహేంద్రవరం సభ్యులు:
సూరనను మీరు తెచ్చారు కాబట్టి నా వాదానికే బలం వచ్చింది. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో చెప్పిన కథ భూమి మీద జరిగి తీరే కావ్యం అది. అక్కడ చోటు చాటుకూ కాలం చాటుకూ తేడాయే లేదు. పాణిని ‘వ్యవహితాశ్చ’ అన్నదీ చూడండి. వేదంలో ఉపసర్గకూ క్రియకూ నడుమ వేరే పదాలు పడవచ్చునన్నాడు. పలికే మాటల నడుమ ఎడం కాలంలో కాక ఎక్కడ ఉంటుంది?

సంస్కృతోపన్యాసకులు:
అది పదాల వ్యవధానం, కాలవ్యవధానం కాదు. ఎంత సేపు ఆగి పలికామన్నది అక్కడ లెక్కలోకి రాదు, నడుమ ఏ పదం పడిందన్నదే వస్తుంది.

రాజమహేంద్రవరం సభ్యులు:
పదం పడితే కాలం పట్టదా మాస్టారూ?

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. వ్యవహితం అన్న రూపం స్థిరపడింది. అయితే వైద్యశాల నడవాలో నిలబడిన పాత్ర నోట ఈ మాట అతకడం లేదు. ‘దూరదృష్టి’ అందామంటే నేటి తెలుగులో అది ముందుచూపు అయిపోయింది. ‘దూరదర్శనం’ అన్నామా, టీవీయే.

వైద్యురాలైన సభ్యురాలు:
‘మరుగు’ అనండి. గోడ మరుగున ఉన్నదీ మరుగే, ఏళ్ల కింద మరుగున పడినదీ మరుగే. ‘మరుగు చూసే మనిషి’ అంటే మీ పరిశోధకురాలికి సరిపోతుంది.

తెనాలి సభ్యులు:
మరుగు బాగానే ఉంది కానీ, పాఠకుడికి ముందు మరుగుదొడ్డి గుర్తుకు వస్తుందేమోనని నా భయం. ‘మాటు’ మేలు.

రాజమహేంద్రవరం సభ్యులు:
మాటు వేసేది పొంచి ఉండే వేటగాడు. ఆమెను అంత మాట అనకండి. పైగా ‘కాలం మాటున’ అని ఎవరైనా అంటే, వ్యవధానంలో కాలం ఉందని నేను చెప్పినదాన్ని ఒప్పుకున్నట్టే అవుతుంది, చూసుకోండి.

సంస్కృతోపన్యాసకులు:
తెలుగులో ఒప్పుకుంటాను. సూత్రంలో ఒప్పుకోను.